‘లాస్ట్ ఎంత’ అని అడగకండి, మీ ధర చెప్పండి

ఈ వారం వచ్చిన సందేహాల్లో సగానికి పైగా పాత సామాన్ల బేరాల మీదే ఉన్నాయి. ఓఎల్‌ఎక్స్‌లో, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో కొనేవాళ్లకీ అమ్మేవాళ్లకీ ఒకరి మీద ఒకరికి బోలెడంత కోపం ఉంది. అందుకే ఈసారి వాటికే జవాబులు రాస్తున్నాను. మిగతా ప్రశ్నలు పంపినవాళ్లు వచ్చే వారం దాకా ఓపిక పట్టండి.

ప్రశ్న: ఐఫోన్ 12 కొందామని, రూ.18,000 దగ్గర పెట్టిన ఇరవై మందికి మెసేజ్ చేశాను. ‘హాయ్ బ్రో, లాస్ట్ ఎంత?’ అంటే ఇద్దరే పలికారు. వాళ్లూ ‘ఫిక్స్‌డ్’ అన్నారు. అసలు ఎంత తగ్గించి అడగాలి?
– బీటెక్ విద్యార్థి, హనుమకొండ

జవాబు: ఎంత తగ్గించాలన్నది తర్వాత చూద్దాం. ముందు ఆ ‘లాస్ట్ ఎంత’ మానేయండి. కోఠిలోనో, విజయవాడ బీసెంట్ రోడ్డులోనో కొట్టు ముందు నిలబడి అడిగితే ఆ మాట చెల్లుతుంది. మీరు ఎదురుగా ఉన్నారు, వస్తువు చేతిలో ఉంది, కొనేదాకా వచ్చారని కొట్టతనికి తెలుసు. పైగా బేరం తప్పదనే అక్కడ ధర ఎక్కించి చెబుతారు. ఆన్‌లైన్‌లో తన పాత ఫోను పెట్టినాయన వ్యాపారి కాదు. ఆఫీసు పని మధ్యలో ఫోను తీసి చూస్తే పాతిక ‘లాస్ట్ ఎంత’లు కనిపిస్తాయి. అందులో ఎవరు నిజంగా కొంటారో, ఎవరు ఊరికే అడుగుతున్నారో ఎలా తెలుస్తుంది? నేనేమీ చెప్పను, మీ ధర మీరే కోసుకోండి అన్నట్టు ఉంటుంది ఆ ప్రశ్న. జవాబు రాకపోవడంలో వింత లేదు.

ఇలా రాసి చూడండి: ‘నమస్తే అన్నా, మీ ఐఫోన్ 12 చూశాను. 128 జీబీ, బిల్లు ఉందని రాశారు. బ్యాటరీ హెల్త్ ఎంత ఉంది? స్క్రీన్ ఎప్పుడైనా మార్పించారా? నేను కాజీపేటలో ఉంటాను, శనివారం సాయంత్రం రాగలను. అన్నీ బాగుంటే 15,500 ఇస్తాను.’ ప్రకటన చదివారని, వచ్చే రోజు చెప్పారని, డబ్బు సిద్ధంగా ఉందని ఈ నాలుగు ముక్కల్లో తెలిసిపోతుంది. అమ్మేది ఆడవాళ్లయితే ‘బ్రో’ అనకండి, నంబరు కోసం వెంటపడకండి. యాప్ చాట్‌లోనే మాట్లాడండి. కలిసే చోటు రైల్వే స్టేషన్, బస్‌స్టాండ్ లాంటి జనం ఉండే చోట పెట్టుకుందామని మీరే అనండి.

ఇక ఎంత అడగాలి? మూడు ధరలు చూసి పెట్టుకోండి. ఆ ఫోనుకు ఇప్పుడు సమానమైన కొత్త ఫోను ఎంతకు వస్తోంది. అదే మోడల్, అదే స్టోరేజీ మీ ఊళ్లో మిగతావాళ్లు ఎంతకు పెట్టారు. పాత ఫోన్లు కొనే క్యాషిఫై లాంటి కంపెనీ దానికి ఎంత ఇస్తానంటోంది. కంపెనీ మళ్లీ అమ్ముకుని లాభం చూసుకోవాలి కాబట్టి తక్కువే ఇస్తుంది. ఆ ధర కంటే తక్కువకు మీరు అడిగితే ఆయన మీకెందుకు అమ్ముతాడు? దానికీ ప్రకటన ధరకీ మధ్యలో ఉంటుంది మీ బేరం. నా వరకు, ఏ లోపమూ లేని వస్తువుకు పది నుంచి పదిహేను శాతం తగ్గించి అడగడంలో తప్పు లేదు. సగానికి అడగాలంటే మాత్రం దానికి తగ్గ కారణం చూపించాలి.

కారణం ఆ ఫోనులోనే వెతకండి. ఐఫోన్ సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్ తెరిస్తే, ఏదైనా భాగం మార్చి ఉంటే ‘పార్ట్స్ అండ్ సర్వీస్ హిస్టరీ’ కనిపిస్తుంది. ఐఫోన్ 12 నుంచి బ్యాటరీ, డిస్‌ప్లే, కెమెరా మార్చితే అక్కడ కనిపిస్తుంది. ఒరిజినల్ కాని డిస్‌ప్లే వేస్తే ‘అన్‌నోన్ పార్ట్’ అని చూపిస్తుంది. ఐఫోన్ 14 వరకు ఉన్న మోడళ్ల బ్యాటరీలు 500 పూర్తి చార్జింగ్‌లయ్యాక కూడా 80 శాతం సామర్థ్యం నిలుపుకునేలా తయారు చేశామని ఆపిల్ చెబుతుంది. బ్యాటరీ హెల్త్ 79 అని ఉంటే కొత్త బ్యాటరీ ఖర్చు మీ మీద పడబోతోందన్నమాట. ఆ ఖర్చు సర్వీస్ సెంటర్‌లో కనుక్కుని, అంత తగ్గించమని అడగండి. ‘స్టూడెంట్‌ని అన్నా, కొంచెం చూడన్నా’ అనడం కంటే ఇది గౌరవంగానూ ఉంటుంది, పనీ అవుతుంది.

ధర ఇక దిగదని తేలితే కొసరు అడగండి. ఒరిజినల్ చార్జర్, రెండు కవర్లు, వాడకుండా పడి ఉన్న ఇయర్‌ఫోన్స్. కూరగాయల దగ్గర కరివేపాకు వేసినంత తేలిగ్గా ఇచ్చేస్తారు చాలామంది. వాళ్లకు అవి ఇంట్లో చెత్త, మీకు కొనాలంటే ఖర్చు.

ప్రశ్న: వాషింగ్ మెషీన్ 9,000కు చాట్‌లో మాట్లాడుకున్నాం. తీరా ట్రాలీ ఆటో వేసుకుని మా ఇంటి ముందుకు వచ్చాక ‘ఏడుకైతే ఎక్కించుకుంటాం’ అన్నారు. మావారు ఊళ్లో లేరు, గొడవెందుకని ఇచ్చేశాను. మూడు రోజులుగా నిద్ర పట్టడం లేదు. తప్పు నాదేనా?
– గృహిణి, విజయవాడ

జవాబు: తప్పు మీది కాదండి. గుమ్మం దాకా వచ్చి మాట మార్చడం బేరం కిందికి రాదు. మీరు ఒక్కరే ఉన్నారని చూసి చేసిన దౌర్జన్యం అది. ఆటో కిరాయి వాళ్లదే, ఉత్త చేతుల్తో వెళ్తే నష్టం వాళ్లకే. మరోసారి ఇలా జరిగితే, ‘తొమ్మిదికని ఒప్పుకున్నారు, చాట్‌లో ఉంది. చాట్‌లో చెప్పని లోపం ఏదైనా కనిపించిందా? కనిపిస్తే చూపించండి, మాట్లాడదాం. లేకపోతే వద్దులెండి’ అని చెప్పి తలుపు దగ్గరే నిలబడండి. ఇలాంటి రోజున పక్కింటివాళ్లను కూడా పిలిచి ఉంచుకోండి.

అయితే ‘చెప్పని లోపం’ అన్న మాట వదలకండి. లోపం కనిపిస్తే ధర మళ్లీ మాట్లాడే హక్కు కొనేవాళ్లకు ఉంది. ఆ సంగతి నాకు అనుభవంతో తెలిసింది. హైదరాబాద్‌లో నా పాత ల్యాప్‌టాప్ అమ్మకానికి పెట్టినప్పుడు ‘బ్యాటరీ బాగుంది’ అని రాశాను. 16,000కు మాటయింది. నల్గొండ నుంచి ఒక తండ్రి, డిగ్రీ చదివే కూతురు బస్సులో వచ్చారు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వాచ్‌మన్ కుర్చీ మీద ల్యాప్‌టాప్ పెట్టి, ఆ అమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని ఏదో కమాండ్ కొట్టింది. రిపోర్టు వచ్చింది. ఒక్క మాట కూడా అనకుండా స్క్రీన్ నా వైపు తిప్పింది. బ్యాటరీ తయారైనప్పటి సామర్థ్యం 41,040, ఇప్పుడు నిండేది 21,800. నేనెప్పుడూ టేబుల్ మీద చార్జర్ పెట్టే వాడేవాణ్ని కాబట్టి అది సగానికి పడిపోయిందని నాకు తెలియనే లేదు. ‘కొత్త బ్యాటరీ రెండున్నర వేలవుతుంది సార్’ అంది నెమ్మదిగా. 13,500 తీసుకున్నాను. వెళ్తూ వెళ్తూ వాళ్ల నాన్న ‘ఏమనుకోకండి సార్’ అన్నారు. ఆ మాటకు నేను సిగ్గుపడ్డాను. చూసుకోకుండా రాసింది నేను.

అప్పటి నుంచి ఏది అమ్మినా ప్రకటనలో లోపమే ముందు రాస్తున్నాను. గీత పడిన చోటే మొదటి ఫొటో. మీరూ అలాగే చేయండి: డ్రమ్ము శబ్దం వస్తే రాయండి, డ్రెయిన్ పైపు మార్చాల్సి ఉంటే రాయండి. ఎన్నో అంతస్తు, లిఫ్ట్ ఉందా, దింపే కూలీ ఎవరిది, కిరాయి ఎవరిది అన్నవి కూడా చాట్‌లోనే తేల్చేయండి. గుమ్మం దగ్గర బేరాలు ఎక్కువగా అక్కడే మొదలవుతాయి.

ప్రశ్న: పాత ల్యాప్‌టాప్ కొనేటప్పుడు దాని బ్యాటరీ రిపోర్టు ఎలా తీయాలి? ఇంకేం చూసి బేరమాడాలి?
(ఇది ముగ్గురు నలుగురు వేర్వేరు మాటల్లో అడిగారు, కలిపి రాస్తున్నాను.)

జవాబు: విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఇంగ్లిష్ అక్షరాల్లో ‘పవర్‌సీఎఫ్‌జీ’ అని కొట్టి, ఒక ఖాళీ ఇచ్చి, స్లాష్ పెట్టి ‘బ్యాటరీరిపోర్ట్’ అని కలిపి కొట్టండి. రిపోర్టు ఎక్కడ సేవ్ అయిందో అక్కడే చూపిస్తుంది, బ్రౌజర్‌లో తెరవండి. ‘డిజైన్ కెపాసిటీ’, ‘ఫుల్ చార్జ్ కెపాసిటీ’ పక్కపక్కన పెట్టి చూడండి. రెండోది మొదటిదాంట్లో 80 శాతానికి పైనుంటే బ్యాటరీ పేరెత్తకండి. 60 కంటే తక్కువుంటే అడగండి.

అంతకంటే పెద్ద విషయం ప్రాసెసర్. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంటెల్‌లో విండోస్ 11కు, ఒకటి రెండు మినహాయింపులు పోను, ఎనిమిదో తరం (జనరేషన్) లేదా ఆ పైది కావాలి. ‘కోర్ ఐ7, సూపర్ కండిషన్’ అని పెద్ద అక్షరాలతో పెట్టిన మెషీన్ ఏడో తరానిది కావచ్చు. దానికంటే ఐ5 ఎనిమిదో తరమే మీకు నయం. ప్రాసెసర్ నంబరు అడిగి తెలుసుకోండి. ఆరో తరం, ఏడో తరం అయితే ‘దీనికి విండోస్ 11 అధికారికంగా రాదు కదండీ’ అని చెప్పి ధర మాట్లాడండి. కొందరు అమ్మేవాళ్లకు ఈ సంగతే తెలియదు. మోసం చేస్తున్నారన్నట్టు మాట్లాడొద్దు.

ప్రశ్న: సోఫా పెట్టిన ఐదు నిమిషాల్లో ఒకాయన ‘ఆర్మీలో ఉన్నాను, మీ ధరకే తీసుకుంటాను, క్యూఆర్ పంపిస్తున్నా, స్కాన్ చేస్తే డబ్బు పడుతుంది’ అన్నాడు. బేరమే ఆడలేదు. నమ్మొచ్చా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

జవాబు: నమ్మకండి మాస్టారూ. యూపీఐలో డబ్బు పంపడానికే స్కాన్ చేస్తాం, పిన్ కొడతాం. రావడానికి రెండూ అక్కర్లేదు. సోఫా పొడవెంత, చెదలు పట్టిందా, ఏ అంతస్తు అని ఒక్క ప్రశ్న కూడా వేయకుండా పూర్తి ధర ఇస్తానన్నాడంటే ఆయనకు సోఫా అక్కర్లేదు. బేరమాడేవాళ్లను మనం విసుక్కుంటాం గానీ, వస్తువు గురించి అడిగి అడిగి విసిగించేవాళ్లే అసలైన కొనుగోలుదారులు. మనుషుల మధ్య ‘డబ్బు పంపండి’ అనే కలెక్ట్ రిక్వెస్ట్‌లను యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ 2025 అక్టోబరు 1 నుంచి ఆపించింది. క్యూఆర్ మోసం మాత్రం అలాగే ఉంది. ఇప్పటికే స్కాన్ చేసి డబ్బు పోయి ఉంటే, ఇది చదవడం ఆపి వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

ఫోను కొనేవాళ్లకు దీనికి దగ్గరిదే ఇంకో జాగ్రత్త. ధర మరీ తక్కువై, బిల్లు లేదంటే బేరం మొదలుపెట్టకముందే స్టార్ హాష్ 06 హాష్ కొట్టి ఐఎంఈఐ (ఫోను గుర్తింపు సంఖ్య) చూడండి. మెసేజ్‌లో ఇంగ్లిష్‌లో ‘కేవైఎం’, ఖాళీ, ఆ 15 అంకెలు కొట్టి 14422కు పంపండి. బ్లాక్ అయిన ఫోను అని వస్తే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ప్రశ్న: నా కెమెరా 12,000కు ఒక కుర్రాడికి ఇస్తానన్నాను, ఆదివారం పదింటికి వస్తానన్నాడు. అడ్వాన్స్ తీసుకోలేదు. ఈలోగా ఇంకొకాయన 13,500 ఇస్తా, ఇవాళే వస్తా అంటున్నాడు. ఎవరికివ్వాలి?
– ప్రైవేటు ఉద్యోగి, కూకట్‌పల్లి

జవాబు: కుర్రాడికే. బయానా తీసుకోకపోయినా ‘ఇస్తాను’ అన్నారు కదా. ఆ అబ్బాయి మీ మాట నమ్మి మిగతా కెమెరాలు చూడటం మానేసి ఉంటాడు. రెండో ఆయనకు ఉన్నదున్నట్టు చెప్పండి: ‘ఆదివారం పదింటికి ఒకరు వస్తామన్నారు, రాకపోతే మీకే ఫోన్ చేస్తాను.’ కుర్రాడికి కూడా శనివారం రాత్రి ఒక మెసేజ్ పెట్టి ఖాయం చేసుకోండి. 13,500 సంగతి చెప్పి ధర పెంచమని అడగొద్దు. ఆదివారం పదకొండు దాటినా రాక, ఫోనూ ఎత్తకపోతే మీరు ఆ మాటకు కట్టుబడి ఉండక్కర్లేదు. ఎవరికిచ్చినా, మెమరీ కార్డు తీసి ఇవ్వండి, ప్రకటన అదే రోజు తొలగించండి.