రాజీనామా రాసివ్వమంటే రాయకండి

ప్రశ్న: జీడిమెట్లలో 180 మంది పనిచేసే ఫ్యాక్టరీలో మెషిన్ ఆపరేటర్‌ని. సర్వీసు తొమ్మిదేళ్ల ఏడు నెలలు. 40 మందిని తీసేస్తారట. యూనియన్‌లో చేరితే ఉద్యోగం నిలుస్తుందా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: నిలుస్తుందని ఆశ పెట్టలేం. 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉన్న పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, కార్మికులను తీసేయాలంటే 300 మంది, ఆపైన ఉన్న ఫ్యాక్టరీలకే ప్రభుత్వ ముందస్తు అనుమతి తప్పనిసరి. మీది ఆ లెక్కలోకి రాదు.

యూనియన్ అక్కరకొచ్చేది డబ్బు దగ్గర. నెల నోటీసు, లేదంటే నెల జీతం. ఆపైన ఏడాదికి 15 రోజుల సగటు జీతం పరిహారం. చివర్లో ఆర్నెల్లు దాటితే అదీ ఏడాదే, అంటే మీకు పదేళ్లు. రోజుకు 800 అనుకుంటే 1,20,000 రూపాయలు. గ్రాట్యుటీ వేరు. రీస్కిల్లింగ్ నిధి (తీసేసిన కార్మికులు కొత్త పని నేర్చుకోవడానికి ఉద్దేశించినది) నుంచి మరో 15 రోజుల జీతం 45 రోజుల్లో ఖాతాలో పడాలి. అయితే యాజమాన్యం వాళ్లు 'రాజీనామా రాసిస్తే సెటిల్‌మెంట్ తొందరగా చేస్తాం' అంటారు. రాశారో, మీరే మానేసినట్టవుతుంది, పరిహారం అడగడం కష్టమైపోతుంది. పది మంది కలిసి 'రాయం' అంటే ఆ ఒత్తిడి తగ్గుతుంది.

ఇక ఇబ్బందులు. చివర చేరినవాళ్లను ముందు తీయాలన్న నియమాన్ని యూనియన్ గట్టిగా పట్టుకుంటుంది. మీలాంటి పాతవాళ్లకు అది మేలే, నిన్నగాక మొన్న చేరిన కుర్రాళ్లకు కాదు. కాంట్రాక్టు వాళ్లనైతే చాలా యూనియన్లు పట్టించుకోవు. 14 రోజుల నోటీసు లేకుండా సమ్మెకు దిగితే చట్టవిరుద్ధం, జీతమూ పోతుంది.

ముందు సీనియారిటీ జాబితా రాతపూర్వకంగా అడగండి. తీసేశాక కార్మిక శాఖ రాజీ అధికారికి ఫిర్యాదు ఇవ్వండి. 45 రోజుల్లో తేలకపోతే ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు, తొలగించిన రెండేళ్లలోపే సుమా.