మచ్చలన్నిటికీ ఒకే కథ రాయకు

తమ్ముడూ,

చర్మ క్యాన్సర్ మీద నీ వ్యాసం చదివాను. ఎండ తగిలింది, టీపీ53 జన్యువు చెడింది, గరుకు మచ్చ లేచింది, అదే ముదిరి క్యాన్సరైంది. పక్కనే ఆ దశల్ని మెట్లుగా చూపే బొమ్మ. కథ బాగా నడిచింది. మరీ బాగా నడిచింది, నాకు అనుమానమొచ్చింది అక్కడే.

డీఎన్‌ఏ దెబ్బతిన్న కణాన్ని ఆపడమో, చావనివ్వడమో టీపీ53 చేయించే పని. చర్మం పైపొర కణాల్లో పుట్టే స్క్వామస్ క్యాన్సర్‌లో ఈ జన్యువు మీద ఎండ ముద్ర ఉందని 1991లో పరిశోధకుడు డగ్లస్ బ్రాష్ బృందం చూపించింది. డీఎన్‌ఏ రాతలో పక్కపక్కనున్న రెండు 'సి' అక్షరాలు రెండు 'టి'లుగా మారిపోవడం అతినీలలోహిత కిరణాలు వదిలే జాడ. 1994లో ఆక్టినిక్ కెరటోసిస్ అనే ఆ గరుకు మచ్చల్లోనూ టీపీ53 మార్పులు దొరికాయి. నువ్వు సరిగ్గా ఇక్కడే ఆగిపోయావు. 2015లో నలుగురి కనురెప్పల మామూలు చర్మాన్ని పరీక్షిస్తే, 18 నుంచి 32 శాతం కణాల్లో క్యాన్సర్‌కి ఊతమిచ్చే మార్పులు బయటపడ్డాయి. నాచ్1 అనే జన్యువులో మార్పు ఉంది, టీపీ53లో కూడా ఉంది. క్యాన్సర్ మాత్రం లేదు! 'ఈ మ్యుటేషన్ వస్తే క్యాన్సర్ వచ్చినట్టే' అన్న నీ వాక్యం కొట్టెయ్.

పుట్టుమచ్చల పేరాదీ అదే తంతు. బీరాఫ్ జన్యువులో వీ600ఈ అనే మార్పు, రంగు కణాల్లో పుట్టే చర్మ క్యాన్సర్ మెలనోమాలో ఎంత మామూలో, ఏ హానీ చేయని పుట్టుమచ్చల్లోనూ అంతే మామూలు. ఆ మచ్చ కొంత పెరిగి ఆగిపోతుంది, చాలావరకు జీవితమంతా అలాగే ఉంటుంది. ముదిరేవాటిలో టెర్ట్ జన్యువు స్విచ్ దగ్గర మార్పు మధ్య దశలోనే కనిపిస్తుంది. సీడీకేఎన్2ఏ జన్యువు రెండు ప్రతులూ పోవడం ఎక్కువగా లోపలికి చొచ్చుకుపోయిన మెలనోమాలో చూస్తాం. ఇంకో మెలిక: బీరాఫ్‌లోని ఆ మార్పుకి ఇందాక చెప్పిన ఎండ ముద్ర ఉండదు. కాబట్టి నేరమంతా సూర్యుడి నెత్తిన రుద్దకు.

గరుకు మచ్చల్లో చాలావాటికి క్యాన్సర్ దాకా వెళ్లే రాత లేదు, కొన్ని వాటంతటవే మాయమవుతాయి. ఏది ముదురుతుందో చూసి చెప్పడం డాక్టర్లకూ కష్టమే. అందుకే 'కొన్ని', 'కావచ్చు' అని రాయమంటున్నాను. వాక్యం నీరుగారిందని ఎడిటర్ వాటిని తీసేస్తాడు, మళ్లీ పెట్టించుకో.

అసలు రాయకుండా వదిలేసింది రోగనిరోధక శక్తి గురించి. అవయవ మార్పిడి అయ్యాక దాన్ని అణిచే మందులు వాడేవాళ్లలో స్క్వామస్ క్యాన్సర్ ఎన్నో రెట్లు ఎక్కువ. కణంలోని జన్యువులొక్కటే కథ నడిపించవన్నమాట. ఆ పేరా రాసి, మెట్ల బొమ్మ తీసేసి, మళ్లీ పంపు.

మీ అన్నయ్య