ఉప్పు మడులు చూడడానికి డాలర్లు దేనికి?

బరంపురం నుంచి కాలిఫోర్నియాలోని ఫ్రీమాంటుకు వచ్చి ఏడాదైనా నిండని మీరు, ఈ శీతాకాలంలో రానున్న అమ్మానాన్నలను ఎక్కడెక్కడ తిప్పాలని అడుగుతూ టిక్కెట్లు కొని చూసే చోట్లనే వరసగా రాశారు. డాలరు విలువ మీ వయసువారికి జీతంలో తెలిసినంతగా ఖర్చులో తెలియదు. మీ ఊరి అంచునే డాన్ ఎడ్వర్డ్స్ వన్యప్రాణి ఆశ్రయం ఉంది. 1972లో ఏర్పడిన ఈ 30,000 ఎకరాల తీర చిత్తడి నేలలో నడవడానికి రుసుము లేదు.

నాకు ఈ మాత్రం చెప్పేవారు కూడా లేరు. సొంత కారు లేని ఆ రోజుల్లో అద్దెకారులో ఈ ఆశ్రయానికి బయలుదేరి, థార్న్‌టన్ అవెన్యూ మలుపు దాటిపోయి, వెనుదిరిగే వీలు లేక శాన్ ఫ్రాన్సిస్కో అఖాతం మీది డంబార్టన్ వంతెన ఎక్కేశాను. పడమటికి వెళ్లేవారికి అక్కడ టోలు ఉంది. తిరుగు దారిలో మళ్లీ కట్టాలేమోనని భయపడి శాన్ హోజే మీదుగా అఖాతాన్ని చుట్టి వచ్చాను. తూర్పుకు వచ్చేవారికి టోలు లేదని తరవాత తెలిసింది. పెట్రోలు అలా పోగా, అద్దె సంస్థవారు టోలుపై తమ సేవా రుసుము కూడా కలిపి నా కార్డు నుంచి రాబట్టుకున్నారు. ఆ మొత్తాన్ని రూపాయల్లోకి మార్చుకుని, చిలికా సరస్సు ఒడ్డున రంభలో పడవ షికారు చేయవలసిన డబ్బు కదా అని చాలాకాలం బాధపడ్డాను. ఇప్పుడైతే ఆ దారులు నాకు కొట్టినపిండి.

ఆశ్రయంలోని టైడ్‌లాండ్స్ బాట సుమారు 2 కిలోమీటర్ల చుట్టు, పెద్దవారు నెమ్మదిగా నడవగలరు. ఆటు వేళ నీరు తీసి బురద బయటపడితే చూడడానికేమీ లేదనుకోకండి. నీటి అంచున మేసే పిట్టలు ఆ బురదకే వస్తాయి. చిలికాలోని నలబణా దీవిలో చలికాలం గడిపే సూదితోక బాతులు ఇక్కడా కనిపిస్తాయి. గంజాం జిల్లా హుమ్మా ఉప్పు మడులు ఎరిగిన మీ నాన్నగారికి ఇక్కడి మడులు కొత్త కావు. చిలికాకు 2000లో కొత్త ముఖద్వారం తవ్వి సముద్రాన్ని రానిచ్చినట్లే, ఇక్కడ 2003లో ప్రభుత్వం కొన్న 15,100 ఎకరాల ఉప్పు మడుల్లో చాలాచోట్ల కట్టలు తెంచి పోటునీటిని లోపలికి రానిస్తున్నారు.

వేళలు, నియమాలు ఆశ్రయంవారి వెబ్‌సైటులో చూసుకోండి. అక్కడ తిండి అమ్మరు కనుక పులిహోర, నీళ్లు ఇంటినుంచే పట్టుకెళ్లండి. గాలి చలిగా ఉంటుందని కొత్త కోట్లు కొనకండి, శాలువాలు తెచ్చుకోమనండి. బైనాక్యులర్లు కూడా తెలిసినవారిని అడిగితే దొరుకుతాయి. పక్కనే ఉన్న కయోటీ హిల్స్ పార్కు బాగుంటుందని మిత్రులు చెబుతారు. బాగుంటుంది, కానీ అక్కడ కారు నిలిపితే డబ్బు కట్టాలి.