చిన్నప్పటి అలవాటు వల్ల పెళ్లయ్యాక ఇబ్బంది వస్తుందా?

తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇది: ఊరు పలాస దగ్గర, పని హైదరాబాదులో, పెళ్లయి ఇంకా ఏడాది కాలేదు. కలయిక మొదలైన నిమిషం లోపే అయిపోతోంది. లాడ్జిలో గది తీసుకుని కూర్చునే ఒక 'స్పెషలిస్టు' దగ్గరికి వెళ్తే, చిన్నప్పటి హస్తప్రయోగం వల్ల నరాలు చచ్చుబడ్డాయని చెప్పి, మూడు నెలల పొట్లాల కోర్సుకు సగం డబ్బు కట్టించుకున్నాడు. ఆయన చెప్పింది నిజమేనా?

నరాల మాట అబద్ధం. హస్తప్రయోగం వల్ల ఏ నరమూ చచ్చుబడదు. అయితే అలవాటు ప్రభావం అసలు ఉండదా అంటే, కొందరిలో ఉండొచ్చు. చేసినందుకు కాదు, చేసిన తీరుకు. ఏళ్ల తరబడి భయంతో, హడావుడిగా కానిచ్చేస్తూ ఉంటే ఒంటికి ఆ హడావుడే వంటబడొచ్చు. నా విషయంలో జరిగింది ఇదే.

నాది ఆమదాలవలస వైపు. ఇంటర్ అయ్యాక జీడిమెట్లలో కంపెనీ పనికి వెళ్లాను. మా ఊరివాళ్లమే ఒక్క గదిలో ఆరేడుగురం, షిఫ్టుల వారీగా పడుకునేవాళ్లం. బాత్‌రూమ్ అన్ని వాటాలకూ కలిపి ఒకటే. దాని గడియ సరిగా పడదు. లోపలికెళ్లి రెండు నిమిషాలు కాకుండానే బయట బకెట్ పట్టుకుని ఎవడో ఒకడు "ఏటి చేస్తన్నావురా, నిద్దరోయావా?" అని తలుపు బాదేవాడు. వయసులో ఉన్న కుర్రాడికి ఏకాంతం దొరికేది అక్కడే. తొందరగా అవ్వాలి, చప్పుడు కాకూడదు, ఎవడికీ దొరక్కూడదు. శ్రీకాకుళం జిల్లా నుంచి వలస వెళ్లిన మగపిల్లల్లో చాలామందికి ఈ గది తెలుసు. సూరత్ అయినా చెన్నై అయినా అదే గది.

తర్వాత పెళ్లయింది. ఊళ్లో మాది పాత పెంకుటిల్లు, గదుల మధ్య గోడ పైకప్పు దాకా ఉండదు. అవతల అమ్మ దగ్గితే ఇవతలికి వినబడుతుంది. పక్కన భార్య ఉన్నా నా ఒంటికి మాత్రం ఇంకా ఆ బాత్‌రూమే. మొదలయ్యేలోపే అయిపోయేది. మా ఆవిడ ఎప్పుడూ ఎత్తిపొడవలేదు గానీ ఒకరోజు అడిగింది: "ఏటంత కంగారు? ఎవులు తరుముతన్నారు మిమ్మల్ని?" ఏ డాక్టరూ చెప్పకముందే సగం రోగం తను పట్టేసింది.

మిగతా సగం విశాఖలో ఒక సైకియాట్రిస్టు చెప్పారు. ఆయన ముందు అడిగింది, పొద్దున నిద్ర లేచేటప్పుడు అంగం గట్టిపడుతోందా అని. ఆరోగ్యంగా ఉన్న మగవాడికి కలలొచ్చే నిద్రలో రాత్రికి కొన్నిసార్లు దానంతటదే గట్టిపడుతుంది. అది మామూలుగా ఉంటే నరాలూ రక్తనాళాలూ చాలావరకు బాగున్నట్టే. ఇక తొందర సంగతి. హడావుడిలో, భయంలో గడిచిన తొలి అనుభవాలే తర్వాత శీఘ్రస్ఖలనంగా స్థిరపడతాయని అమెరికాలో లైంగిక సమస్యల మీద పరిశోధన చేసిన మాస్టర్స్, జాన్సన్ 1970లోనే రాశారట. పుట్టుకతోనే అలా ఉండేవాళ్లూ కొందరు ఉంటారు కాబట్టి అందరి కథా నా కథ కాదని కూడా ఆయనే అన్నారు. మాస్టర్స్, జాన్సన్ చెప్పిన ఇంకో మాట నాకు బాగా తగిలింది: ఒకసారి ఇబ్బంది పడినవాడు తర్వాత నుంచి మంచం మీద అంపైర్‌లా తనను తానే గమనిస్తూ ఉంటాడు. ఆ టెన్షన్‌కి అడ్రినలిన్ పెరుగుతుంది. దాంతో అయితే ఇంకా ముందే అయిపోతుంది, కాకపోతే గట్టిదనమే పోతుంది.

నాకు ఇచ్చిన వైద్యంలో మాత్రలు లేవు. ఆపి మొదలుపెట్టే పద్ధతి ఒకటి ఉంది, జేమ్స్ సీమన్స్ అనే డాక్టరు 1956లో చెప్పింది. ఇక ఆగదు అనిపించే ఘడియకు కాస్త ముందే ఆపేయాలి, ఆ ఊపు తగ్గనివ్వాలి, మళ్లీ మొదలుపెట్టాలి. ముందు ఒంటరిగా, తర్వాత భార్యతో. దానికి తోడు కొన్నాళ్లు అసలు కలయికే వద్దు, ఊరికే ఒకరినొకరు తాకుతూ పడుకోండి అన్నారు. వినడానికి వింతగా ఉంటుంది గానీ, 'అవ్వాల్సిందే' అన్న పరీక్ష లేకపోయేసరికి కంగారు దానంతటదే తగ్గింది. నెలలు పట్టింది, మధ్యలో వెనక్కి వెళ్లిన రోజులూ ఉన్నాయి. గదిలో పెట్టిన పాత టేబుల్ ఫ్యాను చప్పుడు కూడా సగం మందులా పనిచేసిందని ఇప్పటికీ నా నమ్మకం. అమ్మ దగ్గు వినబడటం మానేసింది మరి! కొందరికి డపాక్సెటిన్ లాంటి మాత్ర కూడా ఇస్తారు, అది డాక్టరు చూసి రాయాలి.

ఫోన్లో చూసే వీడియోల లెక్క మాత్రం పెట్టుకోవద్దు. అయిదు దేశాల జంటలతో స్టాప్‌వాచ్ పెట్టి కొలిపించి 2005లో అచ్చువేసిన పరిశోధనలో కలయిక మధ్యస్థ సమయం 5.4 నిమిషాలు, అంటే సగం మందికి అంతకంటే తక్కువే. అరగంటలూ గంటలూ కెమెరా ముందు ఎడిటింగ్‌లో వచ్చేవి. దీనికి ఎదురు అలవాటు కూడా ఉంది: బోర్లా పడుకుని పరుపుకేసి నొక్కుకోవడం, పిడికిలి మరీ బిగించడం. అలా అలవాటైన కొందరికి భార్యతో ఎంతసేపటికీ అవదు. దానికీ దారి అదే, పట్టు వదులు చేసి ఒంటికి కొత్తగా నేర్పడం.

వీర్యం పోతే ఒంట్లో సత్తువ పోతుందన్న భయం మనవైపు ఇప్పటికీ గట్టిగానే ఉంది. లాడ్జి వ్యాపారం నడిచేది ఆ భయం మీదే. ఒకసారి వచ్చేది కొన్ని మిల్లీలీటర్లు, అందులో ఎక్కువ భాగం గ్రంథుల ద్రవమే, శరీరం రోజూ తయారు చేసుకుంటూనే ఉంటుంది. ఈ భయంతో వచ్చే నీరసానికి, దిగులుకు డాక్టర్ ఎన్.ఎన్. విగ్ 1960లోనే 'ధాత్ సిండ్రోమ్' అని పేరు పెట్టారు. జబ్బు వీర్యం పోవడంలో లేదు, పోతోందన్న బెంగలో ఉంది.

అన్నీ మనసు మీదకు నెట్టేయకూడదు కూడా. పొద్దుటి గట్టిదనం కూడా తగ్గిందంటే షుగరు, బీపీ చూపించుకోవాలి. బీడీ, సిగరెట్, మందు ఉంటే అవి కూడా దాచకుండా చెప్పాలి. అంగానికి వెళ్లే రక్తనాళాలు గుండె నాళాల కంటే సన్నవి. పొగ వల్ల పూడుకుపోతే ముందు తెలిసేది అక్కడే, గుండెకు కొన్నేళ్ల తర్వాత.

ఇక పొట్లాల సంగతి. మీది పలాస వైపు అంటున్నారు, ఉద్దానం కిడ్నీ జబ్బుల గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. పేరూ ఊరూ లేని భస్మాల్లో సీసం, పాదరసం దొరికిన సందర్భాలున్నాయి. 'మూలికల' పొడుల్లో చెప్పకుండా సిల్డెనాఫిల్ (వయాగ్రాలో ఉండే మందు) కలిపిన సందర్భాలూ ఉన్నాయి. గుండెనొప్పికి సార్బిట్రేట్ వాడేవాళ్లు అది తింటే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదకొస్తుంది.

మిగతా సగం డబ్బు కట్టకండి. మిగిలిన పొట్లాలు మాత్రం పారేయకుండా, శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో చూపించి, ఇన్నాళ్లు తిన్నానని చెప్పి కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయమనండి. అక్కడే మానసిక విభాగం ఓపీలో ఈ సమస్య చెప్పుకోవచ్చు, వాళ్లకిది కొత్త కాదు. సెలవు దొరక్కపోతే హైదరాబాదు నుంచే 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అని ప్రభుత్వం నడిపేది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.