సర్వర్ అప్‌గ్రేడ్‌లో వై నొక్కాలా, ఎన్ నొక్కాలా?

ప్రశ్న: మాది భీమవరం పక్క ఊరండి. మా బాబాయి రొయ్యల మేత షాపుకి బిల్లింగ్ సైట్ నేనే పెట్టాను, ఉబుంటు 20.04 (సర్వర్ నడిపే లినక్స్) మీద ఎన్‌జిన్‌ఎక్స్ (పేజీలు పంపే వెబ్ సర్వర్), పీహెచ్‌పీ (సైట్ కోడ్ నడిపేది). రైతులు చెరువు గట్టు మీంచే బిల్లు ఫోటో తీసి ఎక్కిస్తారు. మొన్న ఆదివారం రాత్రి డూ-రిలీజ్-అప్‌గ్రేడ్ కొట్టి 22.04కి వచ్చాను, మధ్యలో ఎన్‌జిన్‌ఎక్స్ డాట్ కాన్ఫ్ (దాని సెట్టింగుల ఫైల్) గురించి ఏదో అడిగితే కొత్తదే మంచిది కదా అని వై కొట్టేశాను. తెల్లారి చూస్తే సైట్ లేదు, 502 ఎర్రర్ (వెనకున్న పీహెచ్‌పీ పలకట్లేదని). ఫ్రెండ్ చెప్తే సైట్ ఫైల్లో సాకెట్ (ఎన్‌జిన్‌ఎక్స్, పీహెచ్‌పీ మాట్లాడుకునే దారి) పేరులో 7.4 తీసేసి 8.1 పెట్టాను, సైట్ వచ్చింది, ఇప్పుడు ఫోటోలు ఎక్కట్లేదు, 413 (పంపింది మరీ పెద్దది) అంటోంది. నా పాత సెట్టింగులు పోయినట్టేనా? ఇంకా 24.04కి వెళ్ళాలంటే భయమేస్తోందండి.

జవాబు: పోలేదు తమ్ముడూ, కంగారుపడకు. వై కొట్టినా డిపికెజి (ఉబుంటులో ప్యాకేజీలు, అంటే ప్రోగ్రాంల మూటలు, ఎక్కించేది) నీ పాత ఫైల్ని చెరిపెయ్యదు, అదే ఫోల్డర్లో పేరు చివర డాట్ డిపికెజి-ఓల్డ్ అని తగిలించి పక్కన పెడుతుంది. స్లాష్ ఈటీసీ స్లాష్ ఎన్‌జిన్‌ఎక్స్‌లోకి వెళ్ళి ఎల్ఎస్ కొట్టు, అక్కడే ఉంటుంది. తర్వాత డిఫ్ హైఫన్ యు అని కొట్టి పాత ఫైల్ పేరు ముందు, కొత్తది తర్వాత ఇవ్వు. మైనస్‌తో మొదలయ్యే లైన్లు పాతదాన్లో ఉండి కొత్తదాన్లో లేనివి, ప్లస్‌వి కొత్తగా వచ్చినవి. నీకు ఇలాంటి లైన్ ఒకటి కనపడాలి:

- క్లయింట్_మ్యాక్స్_బాడీ_సైజ్ 20ఎం;

నీ 413 అదే. ఈ లైన్ లేకపోతే ఎన్‌జిన్‌ఎక్స్ 1 ఎంబీ దాటింది ఏదీ తీసుకోదు, ఇప్పటి ఫోన్ ఫోటోలు చాలావరకు 1 ఎంబీ దాటేస్తాయి. ఆ ఒక్క లైన్ని కొత్త ఫైల్లోకి తెచ్చుకో, పాత ఫైల్ మొత్తాన్ని మాత్రం వెనక్కి పెట్టెయ్యొద్దు. ఇంకా మంచి పద్ధతేంటంటే కాన్ఫ్ డాట్ డి ఫోల్డర్లో నీ పేరుతో చిన్న ఫైల్ పెట్టి అందులో రాసుకోవడం, అది ప్యాకేజీ ఫైల్ కాదు కాబట్టి రేపు ఏ అప్‌గ్రేడ్ వచ్చినా దాని జోలికి రాదు.

502కీ నువ్వు కొట్టిన వైకీ సంబంధం లేదు, ఇది చాలామంది కలిపేసుకుంటారు. డిపికెజి ఎప్పుడు అడుగుతుందో తెలిస్తే సగం భయం పోతుంది. ప్యాకేజీతో వచ్చిన కాన్ఫిగ్ ఫైల్ అసలు రూపానికి చెక్‌సమ్ (ఫైల్ మారిందో లేదో పట్టిచ్చే గుర్తు) దాచుకుంటుంది అది. నువ్వు ముట్టుకోని ఫైల్ అయితే అడక్కుండానే కొత్తది పెట్టేస్తుంది, నువ్వు మార్చావు గానీ ప్యాకేజీవాళ్ళు మార్చలేదంటే నీదే ఉంచేస్తుంది, ఇద్దరూ మార్చినప్పుడే ఆగి అడుగుతుంది. అంటే ఆ ప్రశ్న వచ్చిందంటే ఆ ఫైల్లో నీ చేతి రాత ఉందనే అర్థం, అందుకే చూడకుండా వై కొట్టొద్దని ఇంతగా చెప్తున్నా. వై అంటే కొత్తది, ఎన్ అంటే నీది, ఏమీ నొక్కకుండా ఎంటర్ కొడితే ఎన్ కిందే లెక్క, డి కొడితే తేడాలు చూపిస్తుంది. ఎప్పుడైనా ముందు డి కొట్టు. నాకైతే ఆ నాలుగు సెకన్ల పని అప్‌గ్రేడ్ మొత్తంలో అన్నిటికన్నా ముఖ్యమైన పని.

మరి 502 ఎందుకొచ్చిందంటే, 20.04లో పీహెచ్‌పీ 7.4, 22.04లో 8.1. నీ సైట్ ఫైల్ నువ్వు రాసుకున్నది, దాన్ని ఎవరూ మార్చరు, అది పాత సాకెట్ తలుపే కొడుతూ కూర్చుంది, లోపల ఎవరూ లేరు. ఇంకోటి కూడా చూసుకో, పీహెచ్‌పీ డాట్ ఐఎన్ఐ వెర్షన్ ఫోల్డర్లో ఉంటుంది కదా, 7.4 ఫోల్డర్లో నువ్వు పెట్టుకున్నవన్నీ అక్కడే ఉండిపోయాయి, 8.1కి కొత్త ఫైల్ వచ్చింది, దీని గురించి నిన్నెవరూ అడగలేదు కూడా. అందులో అప్‌లోడ్_మ్యాక్స్_ఫైల్‌సైజ్ 2 ఎంబీ, పోస్ట్_మ్యాక్స్_సైజ్ 8 ఎంబీ ఉంటాయి. కాబట్టి 413 పోయాక కూడా ఫోటోలు ఎక్కకపోతే అక్కడ చూడు. మార్చాక ఎన్‌జిన్‌ఎక్స్ అని స్పేస్ ఇచ్చి హైఫన్ టీ కొట్టు, సింటాక్స్ ఓకే అన్నాకే రీలోడ్. పీహెచ్‌పీని నడిపే సర్వీస్ పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎంని కూడా రీస్టార్ట్ చెయ్యాలి.

నాకు జరిగింది చెప్తాను. పాలకొల్లులో మా ఇంట్లో కూర్చుని ఓ సర్వర్ అప్‌గ్రేడ్ చేస్తున్నాను, ఎస్ఎస్‌హెచ్‌డీ (దూరం నుంచి సర్వర్లోకి వెళ్ళే దారి ఎస్ఎస్‌హెచ్‌ని నడిపేది) కాన్ఫిగ్ గురించి అడిగితే కొత్తది పెట్టమన్నాను. నా పోర్ట్ 2222, ఫైర్‌వాల్లో అదొక్కటే తెరిచి ఉంది, కొత్త ఫైల్లో 22. రీబూట్ అయ్యాక లోపలికి వెళ్ళే దారే లేదు. హోస్టింగ్ వాళ్ళ వెబ్ కన్సోల్ పట్టుకుని పాత ఫైల్ (ఇది డిపికెజి కాకుండా యూసీఎఫ్ అనే ఇంకో పనిముట్టు చూసుకునే ఫైల్, చివర డాట్ యూసీఎఫ్-ఓల్డ్ అని ఉంటుంది) వెనక్కి తెచ్చుకునేసరికి మధ్యాహ్నం దాటింది. అప్పట్నుంచి నా మార్పులన్నీ ఎస్ఎస్‌హెచ్‌డీ_కాన్ఫిగ్ డాట్ డి ఫోల్డర్లోనే పెడుతున్నా.

24.04కి వెళ్ళేముందు స్నాప్‌షాట్ (సర్వర్ మొత్తం నకలు) తీసుకో, స్లాష్ ఈటీసీ మొత్తం టార్ కట్టి నీ ల్యాప్‌టాప్‌లో పెట్టుకో. ఎస్ఎస్‌హెచ్ మీంచి చేస్తే డూ-రిలీజ్-అప్‌గ్రేడ్ 1022 పోర్ట్‌లో ఇంకో ఎస్ఎస్‌హెచ్‌డీ లేపుతుంది, ఫైర్‌వాల్లో అది తెరిచి ఉంచు, మన దగ్గర కరెంటు పోయి నెట్ తెగితే అదే ఆధారం. 24.04లో పీహెచ్‌పీ 8.3 వస్తుంది, అంటే సాకెట్ లైన్ మళ్ళీ మార్చాలి, ఇప్పుడే రాసిపెట్టుకో. ఎస్ఎస్‌హెచ్ పోర్ట్ మార్చినా అక్కడ సిస్టమ్‌సీటీఎల్ డెమన్-రీలోడ్ కొట్టి, ఎస్ఎస్‌హెచ్ డాట్ సాకెట్‌ని రీస్టార్ట్ చెయ్యాలి. రొయ్యల పట్టుబడి రోజుల్లో మాత్రం పెట్టుకోకు. ఎండాకాలం కాలువలు కట్టేశాకే కదా లాకులూ తూములూ బాగుచేస్తారు.

ప్రశ్న: అమలాపురం నుంచి రాస్తున్నానండీ. మా కాలేజీ పాత సర్వర్‌లో అపాచీ 2.2 (ఇదీ వెబ్ సర్వరే) ఉండేది, దాని కాన్ఫిగ్ ఫైళ్ళు కాపీ చేసి కొత్త మెషీన్లో 2.4లో పెట్టాను. అసలు మా సైటే కనపడట్లేదు, డిఫాల్ట్ పేజీ వస్తోంది.

జవాబు: ఫైల్ పేరు చూడమ్మా. ఉబుంటు, డెబియన్‌లలో 2.4 వచ్చాక సైట్స్-ఎనేబుల్డ్‌లో డాట్ కాన్ఫ్‌తో ముగిసే ఫైళ్ళనే చదువుతుంది, పాతరోజుల్లో అలా పెట్టేవాళ్ళం కాదు. పేరు మార్చి ఏ2ఎన్‌సైట్ కొట్టు. సైట్ వచ్చాక 403 (అనుమతి లేదు) వస్తుందేమో, అప్పుడు ఆర్డర్ అలౌ డినై, అలౌ ఫ్రమ్ ఆల్ అని ఉన్న రెండు లైన్లు తీసేసి రిక్వైర్ ఆల్ గ్రాంటెడ్ అని ఒక్క లైన్ పెట్టు. పాత లైన్లూ కొత్త లైన్లూ ఒకే చోట కలిపి ఉంచకు, ఏది గెలుస్తుందో పట్టుకోవడం కష్టం. అపాచీసీటీఎల్ కాన్ఫిగ్‌టెస్ట్ కొట్టాకే రీలోడ్ చెయ్యి.

ప్రశ్న: కాకినాడలో 6 సర్వర్లు చూస్తానండి. అప్‌గ్రేడ్‌లో ఈ వై, ఎన్ ప్రశ్నలకి ప్రతిదాన్లో కూర్చుని జవాబు చెప్పకుండా దారి ఉందా ఆయ్?

జవాబు: ఉందండి. ఆప్ట్‌కి (డిపికెజిని నడిపించే కమాండ్) డిపికెజి ఆప్షన్లుగా ఫోర్స్-కాన్ఫ్‌డెఫ్, ఫోర్స్-కాన్ఫ్‌ఓల్డ్ రెండూ ఇవ్వండి, డిపికెజి చూసుకునే ఫైళ్ళ వరకూ అడక్కుండా మీవే ఉంచుతుంది. కానీ ప్యాకేజీవాళ్ళు పంపిన కొత్త ఫైళ్ళు చివర డాట్ డిపికెజి-డిస్ట్ అని పక్కన పడి ఉంటాయి, చాలామంది వాటిని ఏళ్ళ తరబడి అలాగే వదిలేస్తారు, ఈలోగా పాత సెట్టింగ్ ఒకటి తీసేసిన వెర్షన్ వచ్చి సర్వీస్ లేవనంటుంది. అప్‌గ్రేడ్ అయిన రోజే ఫైండ్‌తో స్లాష్ ఈటీసీ అంతా వెతికి డిపికెజి-డిస్ట్, యూసీఎఫ్-డిస్ట్ ఉన్నవి ఒక్కోటీ డిఫ్ కొట్టి చూసి, కావలసినవి కలుపుకుని, తర్వాతే తీసెయ్యండి. 6 సర్వర్లూ ఒకే రకమైతే ఒకదాంట్లో చేసి మిగతావాటికి అదే పంపొచ్చు. ఈటీసీకీపర్ కూడా వేసుకోండి, ఆప్ట్ నడిచిన ప్రతిసారీ ముందూ వెనకా స్లాష్ ఈటీసీని గిట్‌లో (మార్పుల చరిత్ర దాచేది) కమిట్ చేసేస్తుంది, ఏ రోజు ఏ లైన్ మారిందో గిట్ లాగ్‌లో దొరుకుతుంది.