నలుగురు నక్కి వెళ్లడానికి ఎన్ని రోల్స్ వేయాలి?

ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ డన్జన్స్ అండ్ డ్రాగన్స్ (తలా ఒక పాత్ర ధరించి కథ నడిపే ఆట) ఐదో ఎడిషన్ ఆడేవాళ్లవే. అందుకే లెక్కలు 2014 నియమాల ప్రకారం ఇస్తున్నాం. డీ20, అంటే ఇరవై ముఖాల డైస్, వేస్తాం. దాన్నే రోల్ అంటాం. పడిన అంకెకు పాత్ర మాడిఫయర్, అంటే ఆ పనిలో పాత్రకున్న నేర్పు అంకె, కలుపుతాం. మొత్తం డీసీని, అంటే ఆ పనికి పెట్టిన లక్ష్యపు అంకెను, అందుకుంటే పని అయినట్టు.

ప్రశ్న: నేను డీఎంని, అంటే ఆట నడిపేవాణ్ని. మా పార్టీలో (కలిసి వెళ్లే జట్టులో) నలుగురికీ స్టెల్త్ (నక్కి వెళ్లే నేర్పు) +5 ఉంది. కోటలోకి దొంగచాటుగా దూరడానికి డీసీ 12 మాత్రమే పెడుతున్నాను. అయినా ఎప్పుడూ ఎవరో ఒకరు దొరికిపోతారు, కొట్లాట మొదలవుతుంది. డీసీ ఇంకా తగ్గించాలా? (విజయవాడ పాఠకుడు)

జవాబు: డీసీ జోలికి పోకండి. మామూలు కాపలావాడి పాసివ్ పర్సెప్షన్ (డైస్ వేయకుండానే లెక్కలోకి తీసుకునే గమనింపు అంకె) కూడా 12 కాబట్టి మీరు పెట్టిన అంకె సరైనదే. తేడా వస్తున్నది రోల్స్ సంఖ్యలో. +5తో 12 అందాలంటే డైస్ మీద 7 లేదా అంతకు పైన పడాలి. ఇరవై ముఖాల్లో అలాంటివి 14 ఉన్నాయి, అంటే తలా 70 శాతం. కానీ మీ టేబుల్ దగ్గర నలుగురూ నెగ్గితేనే నెగ్గినట్టు. 0.7ని నాలుగుసార్లు గుణించి చూడండి, 24 శాతమే మిగులుతుంది. ఆపైన గేటు దగ్గర ఒక రోల్, మెట్ల దగ్గర ఒకటి, గది ముందు ఇంకొకటి అడిగితే 1.4 శాతానికి పడిపోతుంది. ఒంటరిగా వెళ్లిన దొంగకు కూడా మూడు రోల్స్‌లో గట్టెక్కే అవకాశం 34 శాతమే. పోనీ అని డీసీని 8కి దించినా నలుగురు, మూడేసి రోల్స్ అంటే 28 శాతం దగ్గరే ఆగుతుంది.

దీనికి గ్రూప్ చెక్ వాడండి. నలుగురూ రోల్ వేస్తారు, కనీసం సగం మంది నెగ్గితే పార్టీ మొత్తం నెగ్గినట్టే. అవే అంకెలతో అవకాశం 24 నుంచి దాదాపు 92 శాతానికి వెళుతుంది. ఒకరు చెయిన్ మెయిల్ (ఇనుప గొలుసుల కవచం) వేసుకుని డిసడ్వాంటేజ్‌తో ఆడుతున్నా, అంటే రెండు డైస్ వేసి చిన్నది తీసుకుంటున్నా, ఇంకా 88 శాతం దగ్గర ఉంటుంది. పాత పద్ధతిలో ఆ చెయిన్ మెయిల్‌తో 17 శాతమే. ఓడినవాడి చప్పుడును నెగ్గినవాడు కప్పిపుచ్చాడని కథలో చెప్పేయండి. అది మరీ సులువైపోయిందనిపిస్తే అప్పుడు డీసీ పెంచండి. పరిస్థితి మారేదాకా, అంటే కొత్త కాపలా వచ్చేదాకానో కుక్క మొరిగేదాకానో, మళ్లీ రోల్ అడగొద్దు.

కాపలావాళ్లు నలుగురుంటే నలుగురి చేతా విడివిడిగా రోల్ వేయించే డీఎంలూ ఉన్నారు. నాలుగు డీ20ల్లో పెద్ద అంకె సగటున 16.5 వస్తుంది, ఇక దాటేదెవరు? పాసివ్ స్కోర్ ఉన్నది ఇందుకే.

ఇదే లెక్క తిరగబడే చోటు కూడా ఉంది. రాతి పలక మీది లిపి చదవడానికి ఒకరు ఓడగానే ‘నేనూ చూస్తా’ అంటూ మిగతా ముగ్గురూ డైస్ తీస్తారు. తలా 30 శాతమే అయినా ఎవరో ఒకరు నెగ్గే అవకాశం 76 శాతం. ఒకరు చదువుతారు, ఒకరు సాయం చేస్తారు, అడ్వాంటేజ్, అంటే రెండు డైస్ వేసి పెద్దది తీసుకునే వీలు, ఇస్తాను అనండి. 51 శాతం దగ్గర ఆగుతుంది.

ప్రశ్న: 1 పడితే కత్తి చేజారేలా ఫంబుల్ టేబుల్, అంటే పొరపాట్ల పట్టిక, పెట్టుకున్నాం. మా ఫైటర్ (యోధుడి పాత్ర) ఆడే అమ్మాయి గొడవ చేస్తోంది. ఆమె మాటలో న్యాయం ఉందా? (హన్మకొండ పాఠకురాలు)

జవాబు: పూర్తిగా ఉంది. నియమం ప్రకారం అటాక్ రోల్‌లో 1 పడితే దెబ్బ తగలదు, అంతే. మీ పట్టిక వల్ల ఎంత గొప్ప ఫైటర్ అయితే అంత ఎక్కువగా కత్తి జారుతుంది. మొదటి లెవెల్‌లో టర్న్‌కు ఒకే దెబ్బ, ప్రమాదం 5 శాతం. ఐదో లెవెల్‌లో రెండు దెబ్బలు, 9.75 శాతం. ఇరవయ్యో లెవెల్‌లో నాలుగు, 18.5 శాతం. ఫైర్‌బాల్ మంత్రం వేసే విజర్డ్ (మాంత్రికుడు) మాత్రం డీ20 ముట్టుకోడు, సేవింగ్ త్రో, అంటే దెబ్బ తగ్గించుకునే రోల్, ఎదుటివాళ్లే వేయాలి. కాబట్టి అతని చేతిలోంచి ఏదీ జారదు. ఆ పట్టిక మీద మోజు తీరకపోతే టర్న్‌లో మొదటి దెబ్బకు మాత్రమే వర్తింపజేయండి. తీసేస్తే ఇంకా మంచిది.

ప్రశ్న: మా దగ్గర డీ20 లేదు, లూడో డైస్ ఉన్నాయి. మూడు వేసి కూడితే సరిపోదా? అష్టాచెమ్మా గవ్వలు పనికొస్తాయా? (నంద్యాల పాఠకుడు)

జవాబు: మూడు కూడితే ఆట మారిపోతుంది. డీ20లో ప్రతి అంకెకూ 5 శాతమే. మూడు డైస్ మొత్తం 10, 11 చుట్టూ గుమిగూడుతుంది. 10 లేదా పైన రావడానికి 55 శాతం ఉండాల్సింది 62.5 అవుతుంది. 15 లేదా పైన అయితే 30 ఉండాల్సింది 9.3కి జారుతుంది. కష్టమైన పనులు దాదాపు అసాధ్యమైపోతాయి.

ఒక లూడో డైస్, రెండు వేర్వేరు నాణేలు తీసుకోండి, రూపాయి, ఐదు రూపాయల బిళ్ల అనుకుందాం. డైస్ మీద 6 పడితే మళ్లీ వేయండి, 1 నుంచి 5 కావాలి. రూపాయి బొమ్మ పడితే దానికి 5, ఐదు రూపాయల బిళ్ల బొమ్మ పడితే 10 కలపండి. 1 నుంచి 20 దాకా అన్నీ సమానంగా వస్తాయి. సంచిలో 20 చీటీలు వేసి తీయడమూ సరే కానీ, తీసిన చీటీని ప్రతిసారీ సంచిలో వేసి కలపాలి. లేకపోతే 20 పడిందాకా ఆగి, ఇక అది రాదని లెక్కలేసుకునే ఆటగాడు ఒకడు తయారవుతాడు.

గవ్వలు డీ20కి బదులు కావు. నాలుగు గవ్వల్లో వెల్లకిలా పడేవి ఎక్కువగా రెండే ఉంటాయి, పైగా గవ్వ రెండు వైపులా సమానంగా పడదు. దారిలో ఎదురయ్యేది తేల్చడానికి మాత్రం భేషుగ్గా పనికొస్తాయి. రెండు పడితే మామూలు బాటసారులు, ఒకటో మూడో అయితే చిన్న చిక్కు, చెమ్మా పడితే నిధి, అష్టా పడితే డ్రాగన్.

ప్రశ్న: నా డీ20 చిన్న అంకెలే వేస్తోంది. ఉప్పు నీళ్ల పరీక్ష నమ్మొచ్చా? (డాలస్ పాఠకుడు)

జవాబు: సగమే. 100 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీటిలో 35 గ్రాముల ఉప్పు కరిగించి డైస్ వేయండి. అక్రిలిక్ అయితే తేలుతుంది, లోహానిది మునుగుతుంది. తేలినదాన్ని వేలితో పదిసార్లు తిప్పి వదలండి. ప్రతిసారీ అదే ముఖం పైకి వస్తే లోపల గాలి బుడగ ఉన్నట్టు. ముఖాలు వంకరగా అచ్చయి ఉంటే మాత్రం ఈ పరీక్షకు తెలియదు.

అందుకు 200 సార్లు వేసి రాయండి. ఒక్కో అంకె సగటున 10 సార్లు రావాలి. వచ్చినదానికీ 10కీ తేడాను వర్గం చేసి 10తో భాగించండి, ఇరవై అంకెలవీ కూడండి. మొత్తం 30.1 దాటితే అనుమానించాలి. మంచి డైస్ కూడా ఇరవైలో ఒకసారి అలా దాటుతుంది కాబట్టి ఇంకో 200 వేసి చూడండి. అంతకంటే ముందు 20 పక్కన 19 ఉందేమో గమనించండి. ఉంటే అది కార్డ్ గేముల్లో లైఫ్ లెక్కపెట్టుకునే స్పిన్‌డౌన్ డైస్. పెద్ద అంకెలన్నీ ఒకే వైపు ఉంటాయి, చేయి తిరిగినవాడు అటువైపు పడేలా దొర్లించగలడు. టేబుల్ మీదికి రానివ్వకండి.