పిలకాయల చదువు ఇంట్లోనే అన్నావట

చి.ల.సౌ. అమ్మాయికి, అత్త దీవించి రాయునది.

పిలకాయలిద్దర్నీ బడి మాన్పించి, ఏడాది పొడుగునా ఇంట్లోనే చదివిస్తానంటున్నావని నిన్న మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. నా మేనకోడలికి ఇంత ధైర్యం ఉందా అని పొంగిపోయాను. ఆ తర్వాత రాత్రంతా నిద్ర పట్టలేదు. బడిలో పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, టెన్షన్ పడకుండా ఎలా ఉంటాను?

ముందు బడి నుంచి టీసీ, రికార్డు షీటు తీసుకో. ఆధార్‌లో, జనన ధ్రువపత్రంలో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో చూడు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్ని బడిలో చేర్చే బాధ్యత తల్లిదండ్రుల మీద పెట్టింది. ఇంటి చదువుకని అందులో విడిగా ఏర్పాటేమీ లేదు. రేపు బడి మానిన పిల్లల లెక్కకని టీచర్లు మీ గుమ్మం ఎక్కితే కసురుకోకు. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, పిల్లల నోటుపుస్తకాలు చూపించు. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థలో మూడు, అయిదు, ఎనిమిది తరగతులకు సమానమైన పరీక్షలున్నాయి. పద్నాలుగేళ్లు నిండితే పదోతరగతికి కట్టవచ్చు. ఆ పరీక్షలు ఏప్రిల్-మేలో ఒకసారి, అక్టోబరు-నవంబరులో ఒకసారి పెడతారు.

ఇవన్నీ కాగితాల పనులు, నువ్వు చేసుకోగలవు. నా భయం వేరే ఉంది. 'వీలున్నప్పుడు చదువుకుంటారులే' అన్నావట. ఆ మాట నేను కందుకూరులో మీ పెద్దనాన్న నోట విన్నాను.

నువ్వప్పటికి పలక పట్టే వయసుదానివి, ఇదంతా నీకెవరూ చెప్పి ఉండరు. ఫీజు దగ్గర గొడవై, మీ అన్నను ఆయన అయిదో తరగతి మధ్యలోనే ఇంటికి తీసుకొచ్చేశాడు. బాకీ తీరలేదని ఆ బడివాళ్లు టీసీ ఇవ్వలేదు, ఈయన మళ్లీ అడగలేదు. పుస్తకాలన్నీ కొన్నాడు, గోడకు నల్లబల్ల కొట్టించాడు. మొదటి నెల తండ్రీకొడుకులు ఎంత ముచ్చటగా చదువుకున్నారో! తర్వాత పొగాకు సీజన్ వచ్చింది. ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్ దగ్గర రాత్రీపగలూ మంట చూడాలి. 'క్యూరింగ్ అయిపోనీ' అన్నాడు. అదయ్యాక గ్రేడింగ్, ఆ తర్వాత వేలం. ఆ పైన ఎండలు. చదువు వాయిదా పడిన రోజులు ఎవరూ రాసుకోలేదు కాబట్టి ఎన్ని పోయాయో ఎవరికీ తెలియలేదు.

పద్నాలుగో ఏట వాణ్ణి నా దగ్గరికి పంపారు. పేపరు గడగడా చదివేవాడు. పొగాకు ఆకును వేళ్ల మధ్య నలిపి ఏ గ్రేడో చెప్పేసేవాడు. ఒకటి బై రెండుకు ఒకటి బై మూడు కలపమంటే రెండు బై అయిదు అని రాశాడు. తప్పని నేననకముందే నా ముఖం చూసి గ్రహించాడు. బొటనవేలితో ఆ అంకెల్ని కాగితం చిరిగేదాకా రుద్దాడు. ఆ పూట అన్నానికి పిలిచినా రాలేదు. తెలివితక్కువవాడు కాదమ్మా, భిన్నాలు చెప్పాల్సిన నెలల్లో చెప్పేవాళ్లు లేకపోయారు, అంతే. టీసీ కోసం మీ నాన్న ఎన్నిసార్లు తిరిగాడో ఆయన్నే అడుగు. చివరికి పది గట్టెక్కాడు. లెక్కలంటే మాత్రం ఇప్పటికీ కాగితం పక్కకు నెట్టేస్తాడు.

అందుకే చెబుతున్నా, మీ రొయ్యల గుంటలకూ సీజన్లున్నాయి. పట్టుబడి రాత్రి ఇంట్లో ఎవరూ పడుకోరు, మర్నాడు సెలవే ఇచ్చెయ్. కానీ ఆ సెలవును క్యాలెండర్ మీద రాయి, బదులు ఏ రోజు కూర్చుంటారో కూడా అప్పుడే రాయి. లెక్కలు మాత్రం ఎంత పనిలో ఉన్నా రోజుకో అరగంట ఉండాల్సిందే. అల్లుడు చెప్పవచ్చు కదా! కిలోకు యాభై తూగితే యాభై కౌంట్, అంటే ఒక్కో రొయ్య ఇరవై గ్రాములు. మరి నలభై కౌంట్ అయితే ఎంత అని పెద్దదాన్ని గట్టు మీదే అడగమను.

రోహిణీకార్తెలో తెల్లవారుజామునే చదువు ముగించు, ఎండెక్కాక పుస్తకం ముట్టించకు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలకు ఎటూ ఇల్లు కదల్లేరు, కష్టమైన పాఠాలు అప్పుడు పెట్టుకో. జనవరిలో నేలపట్టు పక్షుల కేంద్రానికి తీసుకెళ్లు, గూడబాతులు పిల్లలకు మేత పెట్టడం చూస్తారు. మొహర్రం నెలలో వచ్చే రొట్టెల పండుగ ఏటా పది పదకొండు రోజులు ముందుకు ఎందుకు జరుగుతుందో పెద్దదాన్ని లెక్క కట్టమను. చాంద్రమాన సంవత్సరానికి 354 రోజులని చెబితే చాలు, మిగతాది అదే పట్టేస్తుంది.

సంక్రాంతికీ వేసవికీ ఊళ్లో పిల్లలకు సెలవులిచ్చినప్పుడు నీ పిల్లలకూ ఇవ్వు. సాయంత్రం నాలుగున్నర దాటాక ఎంత ముఖ్యమైన పాఠమైనా ఆపెయ్. బడి వదిలాక వీధిలో ఆడే పిల్లల మధ్య నీ పిల్లలు లేకపోతే నేనొప్పుకోను. చిన్నోడు అసలే నీ కొంగు వదలడు.

ఒక్కదానివే అన్నీ నెత్తిన వేసుకోకు. కాన్పుల తర్వాత ఎంత చిక్కిపోయావో నేను చూశాను. ఆదివారం మధ్యాహ్నాలు నీవే, పడుకో.

మాగాయ పచ్చడి పెట్టాను, మీ నాన్న వచ్చేటప్పుడు పంపిస్తా. టీసీ చేతికందిన రోజు ఫోన్ చెయ్యి. అందే దాకా పిల్లల్ని బడి మాన్పించకు.

ఆశీస్సులతో,
మీ అత్త
కావలి